ప్రాణమునకు వెల కట్టువా రెవరు?

వైద్యమునకు విలువ కట్టు శాస్త్రమొకటి నేడు ప్రభుత్వముల చేతిలో ముఖ్య సాధనమైనది. ఒక చికిత్సకు ఎంత వ్యయమగును, దానివలన రోగికి ఎంత ఆయువు, ఎట్టి ఆరోగ్యము చేకూరును, అదే ధనమును వేఱొక చికిత్సకు వెచ్చించినచో ఎందఱు బ్రదుకుదురు అని లెక్కించుట దాని పని. పూర్ణారోగ్యముతో గడచిన సంవత్సరము ఒకటి. మంచము పట్టి బాధలతో గడచినది అరయో పాతికయో. ఇట్టి పూర్ణ సంవత్సరమొక్కటి సంపాదించుటకు ఎంత సొమ్ము చెల్లుచున్నదో తేల్చి, అది ఒక హద్దును దాటినచో ఆ చికిత్స ప్రభుత్వ ధనమునకు తగదని చెప్పుదురు. ఇంగ్లండులో ఈ పనికై 1999లో 'నైస్' అను సంస్థ వెలసినది. మన దేశమున కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ క్రింద 2017లో ఇట్టి దానినే నెలకొల్పిరి.

ప్రాణమునకు లెక్కలా యని చెవులు మూసికొనువారు మన పఠన మందిరములలో పెక్కురు కలరు. మేము వారిలో చేరము. ఖజానా అక్షయపాత్ర కాదు. లెక్క చూడని ప్రభుత్వము దయ గలదని భ్రమపడరాదు. అది పట్టణమున ఘనమైన యంత్రమును కొని ప్రారంభోత్సవము జరుపును, పల్లెలో పాముకాటునకు సూదిమందు లేక మనుష్యుడు చచ్చును.

సరియైన లెక్క బీదవాని నెట్లు కాపాడునో తెలియుటకు మద్రాసు క్షయవ్యాధి ప్రయోగమొక్కటి చాలును. క్షయరోగికి మంచిగాలి, పుష్టికరమైన ఆహారము, నెలల తరబడి విశ్రాంతి ఉన్నగాని కుదురదని వైద్యులు చిరకాలము నమ్మియుండిరి. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము వంటి చోట మంచము దొరకుట సామాన్యునకు గగనకుసుమము. 1956లో మద్రాసులో స్థాపితమైన క్షయ చికిత్సా కేంద్రమువారు రోగులను రెండు తెగలుగ విభజించి, ఒక తెగను శానటోరియమునకు పంపిరి. రెండవ తెగకు వారి యిరుకు ఇండ్లలోనే ఆ మందులనే సంవత్సరము పాటిచ్చిరి. 1959లో ఫలితములు వెల్లడియైనవి. ఇంట నున్నవారు చాలని తిండి తినుచును, పనులు చేసికొనుచును, శానటోరియమువారికి దాదాపు సమానముగనే కోలుకొనిరి. ఇంటివారికి రోగమంటుకొనుటయు అధికము కాలేదు. లోకమంతటను క్షయ చికిత్స దీనితో మారినది. లెక్కయన నిట్టిది కావలెను.

మా యభ్యంతరము లెక్కపై గాదు. లెక్క పుస్తకములోని ఒక గడిపైన. ఆ గడి మందు వెల. తక్కిన అంకెలన్నిటిని శోధించి, తర్కించి, తూచి వ్రాయు పండితులు ఈ యొక్క అంకెను మాత్రము వర్షపాతమువలె దైవదత్తముగ స్వీకరింతురు.

మేము న్యాయవాద వృత్తిలో నుండుటచే ఇట్టి వెలలు దస్తావేజుల రూపమున మా బల్లమీదికి వచ్చుచుండును. కొంతకాలము క్రిందట ఒక వృద్ధుడైన రైతు ఎకరమున్నర మాగాణిని అమ్మదలచి క్రయదస్తావేజు వ్రాయించుటకు వచ్చెను. పొలము పిత్రార్జితము గనుక, "పెద్దబ్బాయి సమ్మతించెనా?" యని అడిగితిమి. "వాడి కోసమేనండి అమ్మడం" అనెను. కుమారునకు పుట్టకురుపు, నెలనెల మందు కొనవలెను. కాగితము చదివి వినిపించిన పిదప అతడు కొంతసేపు కూర్చుండి, "అయ్యా, పొలానికైతే పదిమంది చూసి ధర చెప్పినారు. ఆ మందుకు ధర చెప్పిందెవరండీ?" యని అడిగెను. చట్టము చదివిన మేము అప్పటి కేదియో చెప్పి పంపితిమి. అతని ప్రశ్నకు సమాధానము మన దేశమున ఒక్కసారి మాత్రము బహిరంగముగ, రికార్డు మీద, ఉభయపక్షముల వాదము విని చెప్పబడినది. ఆ కథ చదువరులు మఱవరానిది.

సొరాఫెనిబ్ అనునది మూత్రపిండమునకును కాలేయమునకును వచ్చు పుట్టకురుపులకు వాడు మందు. జర్మను దేశపు బేయరు కంపెనీ దీనిని నెక్సావర్ అను పేర అమ్ముచు, 2008లో మన దేశమున పేటెంటు పొందినది. నెలకు సరిపడు 120 మాత్రల వెల రూ. 2,80,428. 2011-12లో భారతీయుని సగటు వార్షికాదాయము సుమారు 63 వేల రూపాయలు. అనగా ఒక నెల మందునకు నాలుగేండ్లకు మించిన సంపాదన! ఈ మందునే ఇంగ్లండులో నైస్ సంస్థ కాలేయ రోగుల విషయమై లెక్కించినది. పూర్ణారోగ్యపు సంవత్సర మొక్కటికి 50 వేల పౌండ్లు దాటుచున్నదనియు, తమ హద్దు 20 వేల నుండి 30 వేల పౌండ్లేననియు 2010లో నిరాకరించినది. కంపెనీవారు వెల్లడింపని తగ్గింపు నిచ్చిన మీదట 2017లో అంగీకరించినది. తెల్లవాని దేశమున గూడ మొదటి వెల నిజమైన వెల కాదని దీనివలన తేలుట లేదా?

మన దేశమున పని వేఱు త్రోవను సాగినది. హైదరాబాదునందలి నాట్కో కంపెనీ తొలుత బేయరువారినే అనుమతి కోరి, అది లభింపక, 2011లో పేటెంట్ల కంట్రోలరు నెదుట అర్జీ వేసినది. 1970 నాటి పేటెంట్ల చట్టము 84వ సెక్షను ప్రకారము పేటెంటు పుట్టిన మూడేండ్ల తరువాత నిర్బంధ లైసెన్సు నడుగుటకు మూడు కారణములు కలవు: ప్రజల సహేతుకమైన అవసరములు తీరకుండుట, వస్తువు సహేతుకముగ అందుబాటైన వెలకు దొరకకుండుట, పేటెంటు ఈ దేశమున వినియోగములోనికి రాకుండుట. రోగులలో నూటికి ఇద్దఱికి మించి మందు చేరుట లేదని తేలినది. పరిశోధన వ్యయమును గూడ చేర్చి వెల సహేతుకమా కాదా యని చూడవలెనని బేయరువారు వాదించిరి. అందుబాటన ఎవరి కందుబాటు? కొనువానికా, అమ్మువానికా? కొనువానికేయని కంట్రోలరు 2012 మార్చి 9వ తేదీని తీర్పు చెప్పెను. నాట్కో నెల మందును రూ. 8,880కు అమ్మవలెను; బేయరునకు నూటికి 6 వంతున రాయల్టీ చెల్లింపవలెను; ఏటేట కనీసము 600 మంది బీదలకు ఉచితముగ నీయవలెను. అప్పీలు బోర్డు 2013లో రాయల్టీని 7కు పెంచినది. 2014లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును నిలిపినది. సుప్రీముకోర్టు జోక్యము చేసికొనలేదు.

మందు అదియే. మోతాదు అదియే. నెలకు రూ. 2,71,548 భేదము. ఈ భేదము దేనికి వెల? రోగి ఆయువునకు గాదు, ఆయువు రెంట సమానమే గనుక. ఏకాధిపత్యమునకు వెల.

సత్యమును దాచుట మాకు తగదు. ఈ మందు సంజీవని కాదు. కాలేయపు పుట్టకురుపునందు జరిగిన ముఖ్యప్రయోగమున, మందు లేనివారి మధ్యస్థ ఆయువు 7.9 మాసములు కాగా మందు తిన్నవారిది 10.7 మాసములు. మూడు మాసములైన నిండ లేదు. ఇట్టి మందును ఖజానా సొమ్ముతో, రూ. 8,880కైనను, కొని పంచవలెనా, ఆ సొమ్ముతో వేఱు రోగులను పూర్తిగ బాగుచేయవలెనా యను ప్రశ్న న్యాయమైనదే. లెక్క వ్రాయువారు దానిని వేయుదురు గాక. కాని ఏటికి 33 లక్షల రూపాయలను గడిలో వ్రాసికొని వేసిన ప్రశ్నకును, లక్షాఆరువేలను వ్రాసికొని వేసిన ప్రశ్నకును ఒకే సమాధానము రాదు గదా!

ఇక హద్దు సంగతి. మన దేశపు లెక్కలలో తలసరి ఉత్పత్తిని, అనగా ఇంచుమించు రెండు లక్షల రూపాయలను, ఒక ఆరోగ్యవంతమైన సంవత్సరమునకు హద్దుగ వాడుట అలవాటైనది. 2001లో ప్రపంచారోగ్య సంస్థ నియమించిన సంఘపు నివేదిక నుండి వ్యాపించిన కొలత యిది. దీని నొక్కదానినే పట్టుకొని నిర్ణయములు చేయరాదని పిమ్మట ఆ సంస్థవారే చెప్పిరి. కంపెనీ ధనిక దేశములను చూచి వెల నిర్ణయించును. మనము మన దారిద్ర్యమును చూచి హద్దు నిర్ణయింతుము. రెంటికి పొందిక కుదురక, మందు 'తగదు' అని వ్రాసికొందుము. తగనిది మందా, వెలయా? 2013లో బేయరు అధిపతి మారిన్ డెక్కర్సు ఈ మందును భారతీయుల కొఱకు గాక, కొనగల పాశ్చాత్య రోగుల కొఱకు నిర్మించితిమని ఒక సభలో పలికెను. పిదప నొచ్చుకొనెను. నొచ్చుకొనక పూర్వము పలికినదే వ్యాపార సత్యమని మా తలంపు.

1970 నాటి చట్టమున మందులకు వస్తు పేటెంటు లేకుండెను. జస్టిసు రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదిక దానికి పునాది. ఆ చట్టపు నీడనే హైదరాబాదు మందుల పరిశ్రమ పెరిగినది. ప్రపంచ వాణిజ్య ఒప్పందమునకు లోబడి 2005లో వస్తు పేటెంటును మరల తెచ్చికొంటిమి. మనకు మిగిలిన డాలులో 84వ సెక్షను ముఖ్యమైనది. దాని నెంత వాడితిమి? 2013లో ఒక అర్జీ, 2016లో హైదరాబాదువారిదే మఱియొక అర్జీ తోసివేయబడినవి. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయము ఏటేట వెలువరించు జాబితాలో మన దేశమును అనుమానితుల వరుసలో నిలుపుచునే యున్నది.

నూటికి ఇద్దఱన్న లెక్క బయటపడుటకు సాయపడినది పేటెంటుదారులు ఏటేట దాఖలు చేయు వినియోగ వివరణ. 2024 మార్చి నిబంధనలలో దీనిని మూడేండ్ల కొకసారి చాలునని మార్చిరి. వ్యాపార సౌలభ్యమట! పుట్టకురుపు రోగికి మూడేండ్ల వాయిదా యెంతటిదో ఆ నిబంధన వ్రాసినవారు ఆలోచించినట్లు లేదు.

2007లో మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీ, 2018లో దేశమంతటను ఆయుష్మాన్ భారత్ వచ్చినవి. రెండవ దానిలో కుటుంబమునకు ఏటికి 5 లక్షలు హద్దు. నెక్సావర్ పాత వెలయే నిలిచియుండినచో ఆ సొమ్ము రెండు మాసముల కైనను చాలదు. బీదవాని పేర మంజూరైన ధనము ఎవరి పెట్టె చేరునో చూచుకొనక బీమాను విస్తరించుట చిల్లికుండలో నీరు పోయుటయే.

కావున మా కోరిక యిది. విలువ కట్టు సంస్థ 'తగును, తగదు' అని ఊరకొనరాదు. ఏ వెలకైన తగునో ఆ అంకెను బహిరంగముగ ప్రకటింపవలెను. కంపెనీ దానికి దిగిరానియెడల, ఏ నాట్కోయో వచ్చి అర్జీ వేయునని ఎదురు చూడక, ప్రభుత్వమే 92వ సెక్షను, 100వ సెక్షను తనకిచ్చిన అధికారమును వాడవలెను. వార్షిక వివరణను పునరుద్ధరింపవలెను. మన రెండు రాష్ట్రములనుండి పార్లమెంటునకు వెళ్లిన సభ్యులలో ఒక్కరైనను వచ్చు సమావేశములలో ఈ 2024 నిబంధనను గూర్చి ప్రశ్న వేయుదురేమో చూతము. వేసినవారి పేరును, మంత్రి యిచ్చిన జవాబును ఈ పుటలోనే ప్రకటింతుము.