హైస్కూలు కడితే సరిపోదు, అడిగేవాళ్లూ ఉండాలి

ప్రభుత్వ బడులను కొత్తగా తీర్చిదిద్దడం అనగానే మనకు ఆంధ్రలో ‘నాడు-నేడు’, తెలంగాణలో ‘మన ఊరు-మన బడి’ గుర్తొస్తాయి. జార్ఖండ్‌లోనూ అలాంటి ప్రయత్నం జరుగుతోంది. 2023 మే నెలలో ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ 80 ‘ఉత్కృష్ట విద్యాలయాల’ను ప్రారంభించారు. ఉన్న ప్రభుత్వ బడులకే ల్యాబులు, స్మార్ట్ క్లాసులు అమర్చి, సీబీఎస్ఈ గుర్తింపు తెచ్చి, ప్రైవేటు బడులకు దీటుగా నిలపాలన్నది లక్ష్యం. మంచిదే. అయితే వీటిలో సీటు కావాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. సీటు రాని పిల్లలకు పాత బడే గతి.

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ ఒడ్డున ఉన్న భుయ్యాడీహ్ లాంటి బస్తీల్లో ఈ విషయం మాట్లాడితే ముందుగా ఒక చిక్కు ఎదురవుతుంది. మా బడి సంగతేమిటని ఎవరిని అడగాలి? మన ఊళ్లలోనైతే వార్డు కౌన్సిలర్ ఇంటికి వెళ్లి నిలదీయవచ్చు. జంషెడ్‌పూర్‌కు ఎన్నికైన మున్సిపాలిటీయే లేదు. కంపెనీ ప్రాంతంలో పౌర సేవలు టాటా స్టీల్ చూస్తుంది, మిగతాచోట్ల అధికారుల చేతిలోని నోటిఫైడ్ ఏరియా కమిటీ చూస్తుంది. ఇండస్ట్రియల్ టౌన్‌షిప్ ఉన్నచోట మున్సిపాలిటీ లేకపోయినా ఫర్వాలేదని రాజ్యాంగంలోని 243క్యూ అధికరణమే వెసులుబాటు ఇచ్చింది. 2023 డిసెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆ దారినే ఎంచుకుంది. హైస్కూళ్లు ఎలాగూ రాష్ట్ర విద్యాశాఖ కిందివే. అంటే బస్తీకీ బడికీ మధ్య ఓటుతో గెలిచిన స్థానిక ప్రతినిధి ఎవరూ లేరు.

ఇది ఎందుకు ముఖ్యమో ఆంధ్ర అనుభవం చెబుతుంది. 2019 నవంబర్‌లో మొదలైన నాడు-నేడు తొలి విడతలో దాదాపు 15,700 బడులు బాగుపడ్డాయి. ఆ పనులను కాంట్రాక్టర్లకు అప్పగించలేదు, తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. మరుగుదొడ్ల నిర్వహణకు అమ్మఒడి సొమ్ములోంచి 1,000 రూపాయలు పక్కన పెట్టారు. కట్టిన తర్వాత కడిగేదెవరన్న ప్రశ్నకు అది ఒక జవాబు, నచ్చినా నచ్చకపోయినా. రెండో విడతలో చాలా బడుల్లో గోడలు లేచాక పనులు నిలిచిపోయాయి. కమిటీలు అప్పుడూ ఉన్నాయి, నిధులే ఆగాయి. కాబట్టి కమిటీ ఉన్నంత మాత్రాన పని పూర్తవుతుందని చెప్పలేం. కానీ పని ఆగిన సంగతి ఊరికి ముందుగా తెలిసింది. అడగడానికి కొందరు తల్లులూ తండ్రులూ ఉన్నారు.

చట్టంలోనూ ఇక్కడొక లోటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. అయితే ఆ చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలకు, అంటే ఎనిమిదో తరగతి దాకానే. హైస్కూలు స్థాయిలో కమిటీలు పథకాల మార్గదర్శకాలను బట్టి నడుస్తాయి. చట్టం ఇచ్చినంత పట్టు వాటికి ఉండదు. పిల్లలు బడి మానేసే ప్రమాదం ఎక్కువగా ఉండే వయసులోనే తల్లిదండ్రుల మాటకు బలం తగ్గుతోందన్నమాట.

దీనితో మన భాషకూ సంబంధం ఉంది. ఉక్కు కర్మాగారంలో పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. జార్ఖండ్ రెండో అధికార భాషల జాబితాలో తెలుగు లేదు. కానీ సీబీఎస్ఈ సబ్జెక్టుల్లో తెలుగు ఉంది. కొత్త విద్యాలయంలో దాన్ని బోధించడానికి నిబంధనలు అడ్డు రావు. చదవాలనుకునే పిల్లలు తగినంత మంది కావాలి, ఒక టీచరు పోస్టు కావాలి, వాటిని అడిగే గొంతు కావాలి. కమిటీలో ఆ గొంతు లేకపోతే ఈ ప్రశ్న ఫైలు దాకా కూడా వెళ్లదు.

టౌన్‌షిప్ పాలనా, పురపాలికా అన్న వివాదం తేలేవరకు ఆగక్కర్లేదు. బాగుచేసే ప్రతి హైస్కూలులో ఎన్నికైన తల్లిదండ్రుల కమిటీ పెట్టవచ్చు. ఖర్చుల లెక్కను బడి గోడ మీద రాయించవచ్చు. నిర్వహణ నిధిని నిర్మాణ నిధితో పాటే మంజూరు చేయవచ్చు. ఈ మూడూ లేకుండా వేసిన రంగు నాలుగు వానలకు వెలిసిపోతుంది.