నామ్ కే వాస్తే కొత్త కితాబు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్త ఎడిషన్ కొనే వాళ్ళలో చాలామంది ఆటను కొనడం లేదు. జిల్దు మీది పేరును కొంటున్నారు. ఈ మాట కొంచెం సఖ్త్‌గానే అంటున్నాను, ఎందుకంటే ఖర్చు మనదే. అమెరికాలో చదువుకునే మన పిల్లలే కాదు, హైదరాబాద్ బోర్డ్ గేమ్ కెఫెల్లో కూర్చునే పిల్లలూ ఇప్పుడు ఇదే ఆట ఆడుతున్నారు. 'అబ్బా, కొత్త కితాబు వచ్చింది' అని ఫోన్ రాగానే మనం పైసలు పంపేస్తున్నాం.

తెలియని వాళ్ళకు ముఖ్తసర్‌గా చెబుతా. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు దాస్తాన్ నడుపుతారు, ఆ మనిషిని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలిన వాళ్ళలో ఒకడు సిపాయి, ఒకడు జాదూగర్, ఒకడు దొంగ. ఏం చేస్తారో నోటితో చెబుతారు, అది అయిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. దాదీలు అమీర్ హంజా కిస్సాలు చెప్పినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ వినేవాడికి కూడా కథలో దఖల్ ఉంటుంది. పిల్లలు మొబైల్ పక్కన పెట్టి మూడు గంటలు ఒకరి మాట ఒకరు వింటున్నారంటే ఏ అమ్మీకి చేదు? ఆట మీద నాకు షికాయత్ లేదు. నా షికాయత్ అంతా ఆ పేరుతో జరిగే తిజారత్ మీద.

ఆ పేరు చరిత్ర చూడండి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ఈ ఆట తెచ్చారు. కంపెనీ పేరు టీఎస్సార్. కొన్నేళ్ళకే పేరు ముందు 'అడ్వాన్స్‌డ్' అని ఒక్క లఫ్జ్ తగిలించి కొత్త కితాబులు వేశారు. ఇది వేరే ఆట, దీని మీద ఆర్నెసన్‌కు రాయల్టీ రాదు అన్నది కంపెనీ దలీల్. 1979లో ఆయన అదాలత్‌కు పోయాడు, 1981లో రాజీ కుదిరింది. ఆ తర్వాత గైగాక్స్ వంతు. 1980ల మధ్యలో కంపెనీ ఆయన చేతుల్లోంచి జారిపోయింది. తర్వాత ఆయన 'డేంజరస్ డైమెన్షన్స్' అని ఇంకో ఆట రాసుకుంటే, ఆ రెండు 'డి'ల మీద కూడా టీఎస్సార్ ఏతరాజ్ చెప్పింది. పేరును 'డేంజరస్ జర్నీస్' అని మార్చి 1992లో తెచ్చినా దావా తప్పలేదు. ఆఖరుకు ఆ ఆట హక్కులు కూడా టీఎస్సారే కొని మూలన పడేసింది. బిర్యానీ వండిన ఉస్తాద్ వెళ్ళిపోయాక బోర్డు సేఠ్ దగ్గర మిగిలిపోయినట్టు. ఆ బోర్డు 1997లో విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ చేతికి వచ్చింది, 1999లో హాస్‌బ్రో ఆ విజర్డ్స్‌నే కొనేసింది. అవును, మోనోపలీ అమ్మే హాస్‌బ్రోనే.

ఇక సౌదా సంగతి. 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్' అనే అదే పేరుతో కితాబు 1978, 1989, 2000, 2003, 2008, 2014, 2024లలో వచ్చింది. 2000లో కొన్నవాడికి మూడేళ్ళకే మళ్ళీ చెయ్యి చాపాల్సి వచ్చింది. 2024 సెట్‌లో మూడు కితాబులు, ఒక్కోటి దాదాపు 50 డాలర్లు, అంటే మన రూపాయల్లో మొత్తం పన్నెండు వేల పైమాటే. ఈసారి కంపెనీ ఇది ఆరో ఎడిషన్ అనలేదు. కొత్తదే, కానీ పాత అయిదో ఎడిషన్ కితాబులతో కూడా నడుస్తుంది అంది. మరి పాతది నడిచేటప్పుడు కొత్తది ఎందుకు? నడవకపోతే అదే పేరు ఎందుకు? ఈ రెండు సవాళ్ళకు ఒకేసారి జవాబు చెప్పగలవాడు నాకు ఇంకా దొరకలేదు.

కంపెనీ నియ్యత్ ఏమిటో దాచుకోలేదు కూడా. 2022 డిసెంబరులో విజర్డ్స్ సద్ర్ పెట్టుబడిదార్ల ముందు చెప్పిన మాట ఇది: ఈ బ్రాండ్ నుంచి రావాల్సినంత రాబడి రావడం లేదు, ఆడేవాళ్ళలో డంజన్ మాస్టర్లు సుమారు 20 శాతమే కానీ ఎక్కువగా కొనేది వాళ్ళే. అంటే మిగతా 80 శాతం జేబుల మీదికి నజర్ మళ్ళింది. మరుసటి నెలలోనే, ఇతరులు ఈ ఆట నియమాలు వాడుకోవడానికి 2000లో తామే ఇచ్చిన ఇజాజత్‌ను వెనక్కి లాక్కునే ముసాయిదా బయటపడింది. ఆటగాళ్ళు భగ్గుమన్నారు, వెబ్‌సైట్ చందాలు రద్దు చేసుకున్నారు. నెల తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గి, అయిదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ ముఫ్త్‌గా వదిలింది. షాబాష్ అనుకున్నాం. ఏడాదిన్నర తర్వాత? అదే పేరుతో కొత్త కితాబు వస్తే జనం క్యూ కట్టారు. మా ఆట చరిత్రలోనే అన్నిటికంటే వేగంగా అమ్ముడైంది ఇదే అని కంపెనీ గర్వంగా చెప్పుకుంది.

పేరు ఎప్పుడూ గెలుస్తుందని కాదు. 2008లో నాలుగో ఎడిషన్ ఆటను బాగా మార్చేస్తే చాలామంది మొహం తిప్పుకున్నారు. పయిజో అనే చిన్న కంపెనీ పాత నియమాలనే సరిచేసి 2009లో 'పాత్‌ఫైండర్' అని అమ్మింది. పాత ఆట కొత్త పేరుతోనూ, పాత పేరు కొత్త ఆట మీదా పక్కపక్కనే దుకాణాల్లో కూర్చున్నాయి. అసలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఏది? ఆడేవాళ్ళకు అప్పుడు అర్థమైంది. మళ్ళీ మర్చిపోయారు.

డల్లాస్‌లో ఉన్న నా భాంజా దలీల్ వేరు. 'మామూ, ఎవ్వరికీ తెలియని ఆట కొంటే ఎవరితో ఆడాలి? ఈ పేరు చెబితే ఏ ఊళ్ళోనైనా నలుగురు దొరుకుతారు.' మాట నిజమే, ఇన్‌కార్ చేయను. కొత్త ఊళ్ళో దోస్తులు దొరకడం చిన్న విషయం కాదు. కానీ బేటా, ఆ నలుగురిని కూర్చోబెట్టేది పేరు అయితే, ఆ పేరు 2014 కితాబు మీద కూడా ఉంది కదా! బల్ల దగ్గర నలుగురూ ఒప్పుకుంటే పదేళ్ళ కిందటి కితాబు ఆడొద్దని ఆపడానికి ఏ పోలీసూ రాడు. అచ్చయిన కితాబుకు తారీఖు దాటిపోవడానికి అదేమన్నా దవానా?

కాబట్టి వాల్దైన్‌కు నా గుజారిష్ ఇంతే. ఈసారి ఫోన్ వస్తే వెంటనే పైసలు పంపకండి. 'మీ బల్ల దగ్గర ఎంతమంది దగ్గర కొత్తది ఉంది? పాతదాంతో ఏ పని ఆగింది?' అని అడగండి. మొదటిసారి ఆడే పిల్లలకైతే ఆ క్రియేటివ్ కామన్స్ నియమాలు ఇంటర్నెట్‌లో ముఫ్త్, పాత్‌ఫైండర్ నియమాలు కూడా ముఫ్త్‌గా చదువుకోవచ్చు. పాచికల సెట్ ఒకటి కొనివ్వండి చాలు. నెల రోజులు ఆడాక, ఏ పేజీ కోసమైతే కితాబు కావాలో ఆ పేజీ పేరు వాళ్ళనే చెప్పమనండి.