బుడమేరు ఇళ్లలోంచి పోయింది, మనుషుల్లోంచి పోలేదు

బెజవాడ సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, రాజీవ్‌నగర్, ప్రకాష్‌నగర్, జక్కంపూడి వాసులకు...



వాన మొదలైతే మీ ఇంట్లో ముందు లేచేది ఎవరు? బీరువా కింది అరలోంచి కాగితాల సంచి తీసి అటక మీద పెట్టేది ఎవరు? అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని వీధి చివరికి వెళ్లి, కాలవలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసొచ్చేది ఎవరు? మనిషి వెంటనే గుర్తొచ్చి ఉంటారు. ఆ మనిషికి పిరికితనం లేదు, పిచ్చీ లేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం తెల్లారేసరికి మన ఇళ్లలో చేరిన నీళ్లను ఆ మనిషి ఇంకా మోస్తున్నారు. ఈ కరపత్రం వాళ్ల కోసం. వాళ్లను చూసి నవ్వేవాళ్ల కోసం కూడా.

జరిగింది మనకు తెలియంది కాదు, అయినా వరసలో చెప్పుకోవాలి. బంగాళాఖాతంలో వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద విరిగిపడి ప్రాణాలు పోయాయి. మైలవరం కొండల వైపు నుంచి వచ్చే బుడమేరు పొంగింది. ఆ నీటిని కృష్ణలోకి తీసుకెళ్లాల్సిన మళ్లింపు కాలవకు కొండపల్లి దగ్గర మూడు చోట్ల గండ్లు పడ్డాయి. గండ్లు పడకపోయినా కృష్ణ ఆ నీటిని తీసుకునే స్థితిలో లేదు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. ఆ బ్యారేజీ అంత నీరు ఎన్నడూ చూడలేదు. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. డాబాల మీద నిలబడి డ్రోను తెచ్చే పొట్లాం కోసం చేతులు చాచాం. నీళ్ల మధ్య కూర్చుని తాగడానికి నీళ్లు లేక ఏడ్చాం.

తర్వాత ఫైరింజన్లు వచ్చి బురద కడిగాయి. లెక్క రాసుకునేవాళ్లు వచ్చారు. కింది అంతస్తు మునిగితే 25 వేలు, పై అంతస్తులో ఉంటే 10 వేలు. బండి పాడైందా, ఫ్రిజ్ పోయిందా, కొట్లో సరుకు తడిసిందా అని అడిగారు. అడగాల్సినవే అడిగారు. నిద్ర పడుతోందా అని మాత్రం అడగలేదు.

ఆ ఒక్క ప్రశ్న ఇప్పుడు మనం అడుగుతున్నాం. రేకుల మీద చినుకు పడితే గుండె దడ వస్తోందా? ఆరేళ్ల పిల్లాడు మళ్లీ పక్క తడుపుతున్నాడా? నలుగురిలో గలగలా మాట్లాడే అత్తగారు గోడకేసి తిరిగి పడుకుంటోందా? ఇంజన్‌లోకి నీళ్లు పోయిన ఆటోకి అప్పు కడుతూ, ఆటో నడవక, మనిషి సాయంత్రానికల్లా మందు షాపు దగ్గర తేలుతున్నాడా? ఆ కోపం ఇంట్లో ఎవరి వీపు మీద దిగుతోంది? డ్వాక్రా వాయిదా కట్టాల్సిన రోజున కడుపులో తిప్పుతోందా? వీటిని ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కరు తమ సొంత దరిద్రం అనుకుంటున్నారు. పక్కింట్లోనూ అదే ఉందని తెలియదు, ఎందుకంటే పక్కింటివాళ్లు కూడా చెప్పుకోవడం లేదు.

దివిసీమ గుర్తుందా? 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో పదివేల మంది దాకా పోయారని లెక్క. బతికి బయటపడ్డవాళ్లకు బియ్యం, బట్టలు, ఇళ్లు వచ్చాయి. వాళ్ల మనసుకేమైందని పట్టించుకునే ఏర్పాటు మాత్రం దేశంలోనే లేదు, జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో గానీ మొదలవలేదు. నాగాయలంక, కోడూరు వైపు చుట్టాలున్నవాళ్లు ఒకసారి అక్కడి ముసలివాళ్లను కదిపి చూడండి. గాలి కాస్త పెరిగితే వాళ్ల ముఖం ఎలా మారుతుందో చూడండి. మనకు 2024లో అలాంటి సాకు లేదు. విపత్తులో మానసిక సహాయం ఎలా అందించాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు రాసిపెట్టింది. 1999 ఒడిశా తుపాను, 2004 సునామీ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు స్థానికులకే శిక్షణ ఇచ్చి ఇల్లిల్లూ తిప్పారు. దారి ఎప్పుడో పడింది. అది మన వీధిలోకి రావాలి.

ఒక మాట నిజాయితీగా చెప్పుకుందాం. వరద చూసిన ప్రతివాళ్లకూ జబ్బు వచ్చిందని మేం అనడం లేదు. అంత పెద్ద దెబ్బ తగిలితే నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం, ఏడుపు రావడం మామూలే. ఎక్కువమంది కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో తేరుకుంటారు. కొద్దిమందికే అది తగ్గకుండా నిలిచిపోతుంది, వాళ్లకు వైద్యం కావాలి. అయితే తేరుకోవడానికి ముందు ఒకటి ఉండాలి. ప్రమాదం అయిపోయిందన్న నమ్మకం. మనకు లేనిది అదే.

డాక్టరు దగ్గర కూర్చుని "భయపడకండి, అది గతం" అనిపించుకుని ఇంటికొస్తాం. ఇంటికొచ్చేసరికి బుడమేరు మీది వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర గేట్లు ఎత్తుతున్నారని వాట్సాప్‌లో పుకారు. నిజమో కాదో చెప్పే దిక్కు లేదు. ఇక ఏ మాత్ర పని చేస్తుంది? 2005లోనూ బుడమేరు ఈ పేటలను ముంచింది. అప్పుడు పిల్లలుగా మునిగినవాళ్లు 2024లో తమ పిల్లల్ని భుజాన వేసుకుని మునిగారు. అందుకే అంటున్నాం: బుడమేరు గట్టు కూడా మానసిక వైద్యమే. పక్కాగా కట్టిన గట్టు, సమయానికి మోగే సైరను, తెలుగులో వచ్చే నిజమైన సమాచారం ఉంటేనే కౌన్సెలర్ మాటకు విలువ. గట్టు పని ఇరిగేషన్ వాళ్లదనీ, మనసు పని ఆసుపత్రి వాళ్లదనీ రెండు ఫైళ్లుగా విడదీసినంత కాలం రెండూ కావు.

ఇక ఈ నీళ్లు ఎక్కడివి? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. పట్టుకున్న తేమ ఎప్పుడో ఒకప్పుడు ఒక్కసారిగా కురుస్తుంది. లెక్కలు రాయడం మొదలయ్యాక భూమి అత్యంత వేడిగా ఉన్న ఏడాది మనం మునిగిన 2024. ఈ వేడి పుట్టేలా బొగ్గూ పెట్రోలూ కాల్చింది ఎవరు? మన దేశంలో సగటు మనిషి వాటా ప్రపంచ సగటులో సగం కూడా లేదు. అందులోనూ నాలుగిళ్లలో అంట్లు తోమే అక్క వాటా ఎంత? ఆటోనగర్‌లో నట్లు బిగించే కుర్రాడి వాటా ఎంత? ఇబ్రహీంపట్నం థర్మల్ పొగ గొట్టాలు మన కళ్ల ముందే ఉన్నాయి. ఆ కరెంటుతో ఏసీలు తిరిగే ఇళ్లు ఎత్తు మీద ఉన్నాయి, పొగకు పుట్టిన వాన పల్లానికి దిగింది. 2022లో ఈజిప్టులో జరిగిన వాతావరణ సదస్సులో నష్టపోయిన దేశాల కోసం ఒక నిధి పెట్టాలని ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. డబ్బులో కొలవలేని నష్టాలు కూడా నష్టాలేనని ఆ చర్చల్లో చాలాకాలంగా అంటున్నారు. మన నిద్ర ఆ లెక్కలోకి రావాలి.

అలాగని అంతా ఆకాశం మీదకు నెట్టేస్తే మన ఊళ్లో కొందరికి మహా సుఖం. బుడమేరు ఒడ్డు తిన్నది అమెరికావాడు కాదు. ఏటి దారిలో ప్లాట్లు వేసి అమ్మినవాడు ఎత్తు మీద మేడ కట్టుకున్నాడు, అప్పు చేసి కొన్నవాడు మునిగాడు. ఇప్పుడు ఆక్రమణల తొలగింపు అంటే మొదట కనిపించేది పేదవాడి రేకుల షెడ్డే. ఒడ్డు ఖాళీ చేయొద్దని మేం అనం. ఏరు పారాల్సిందే. కానీ అక్కడ ఉన్నవాళ్లకు పనికి వెళ్లగలిగేంత దూరంలో ఇల్లు చూపించి, సామాను సర్దుకునే వ్యవధి ఇచ్చి, అప్పుడు కదపండి. ఒకసారి నీళ్లు, ఒకసారి పొక్లెయినూ వచ్చి ఇల్లు తీసుకుపోతే ఆ పిల్లలు ఇక దేన్ని నమ్ముతారు?

చట్టం మన వైపే ఉంది, అది తెలుసుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 18వ సెక్షన్ ప్రతివారికీ సర్కారు ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందే హక్కు ఇచ్చింది. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు తెల్లకార్డు ఉన్నా లేకున్నా వైద్యం ఉచితం. జిల్లాలో కనీస సేవలు లేకపోతే అదే జిల్లాలో వేరేచోట చూపించుకోవచ్చు, ఆ ఖర్చు ప్రభుత్వానిది. ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే చూడాలి తప్ప, నేరస్తుల్లా శిక్షించకూడదని 115వ సెక్షన్ చెబుతోంది, కాబట్టి పోలీసు కేసుకు భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆపకండి. వాతావరణ మార్పు చెడు ఫలితాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని 2025లో, మన విశాఖలో జరిగిన ఒక విద్యార్థిని మరణం కేసులోనే చెప్పింది. ఆ రెండు తీర్పులనూ పక్కపక్కన పెడితే మన పేటలే కనిపిస్తాయి.

సర్కారు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. వీధిలో మనం చేయగలిగింది చాలా ఉంది, దానికి డిగ్రీ అవసరం లేదు. వీధికి ఇద్దరు చాలు, అందులో ఒక ఆడమనిషి తప్పక ఉండాలి. వాళ్లు ఇంటికి వెళ్లి కూర్చోవాలి, టీ ఇస్తే తాగాలి. ఎదుటివాళ్లు చెబితే వినాలి. చెప్పకపోతే తవ్వొద్దు. "ఆ రాత్రి ఏం జరిగిందో మొత్తం చెప్పు, చెబితే పోతుంది" అని బలవంతపెట్టడం మేలు చేయదని, కీడే చేయవచ్చని వైద్యులు అంటున్నారు. "మాకంటే నయం కదా", "దేవుడు బతికించాడు, ఇంకేం", "మగాడివై ఉండి ఏడుపేంటి" లాంటి మాటలు గుమ్మం బయటే వదిలేయండి. వాళ్లకు కావాల్సింది తరచూ చాలా చిన్నది: పోయిన ఆధార్ కార్డుకు దరఖాస్తు రాసిపెట్టేవాళ్లు, బ్యాంకుకి తోడు వచ్చేవాళ్లు, వాన రాత్రి "మా మేడ మీదకు రండి" అని ముందే చెప్పిపెట్టిన పొరుగువాళ్లు. ఆ చివరిది ఈ వారమే తేల్చుకోండి. మీ వీధిలో మంచం దిగలేని ముసలివాళ్లు, నిండు గర్భిణులు, డయాలసిస్ వాళ్లు, మానసిక వైద్యానికి మందులు వాడేవాళ్లు ఎవరెవరున్నారో వాళ్ల ఒప్పుకోలుతో రాసుకోండి. నీళ్లొస్తే ఎవరు ఎవర్ని మోయాలో, ఏ మేడ మీదకో పేరుపేరునా అనుకోండి.

మందుల మాట వచ్చింది కాబట్టి ఎండల సంగతీ చెప్పాలి. బెజవాడ మే నెల ఎండకు పేరు పెట్టాల్సిన పని లేదు. మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు ఒంటికి వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. లిథియం వాడేవాళ్లకు ఒంట్లో నీరు తగ్గితే అది విషమయ్యే ప్రమాదం ఉంది. ఎండాకాలం వచ్చేముందే డాక్టరును అడగండి. సొంతంగా మందు మానేయడం మాత్రం వద్దు.

చచ్చిపోతానని మాట్లాడుతున్నా, రోజుల తరబడి తిండి ముట్టకపోయినా, నెల దాటినా నిద్రా పనీ దారికి రాకపోయినా ఆలస్యం చేయకండి. టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదకు వస్తే 108. తాయెత్తు కట్టించుకుంటారా, కట్టించుకోండి, మాకేం అభ్యంతరం లేదు. కట్టించుకున్నాక ఫోను కూడా చేయండి.

ప్రభుత్వం దగ్గర అడగాల్సింది కూడా మనమే అడగాలి. వరద పేటల్లోని ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక రోజైనా మానసిక వైద్యుడో, శిక్షణ ఉన్న కౌన్సెలరో కూర్చోవాలి. ఆశా అక్కలకు ఈ పనిలో శిక్షణ ఇవ్వాలి, దానికి డబ్బు కూడా ఇవ్వాలి, మరో జీతం లేని బరువు కాదు. వరద నష్టం రాసే ఫారంలో నిద్ర, భయం, బడి మానేసిన పిల్లల గురించి గడులు ఉండాలి. వెలగలేరు దగ్గర నీటి మట్టం వానాకాలమంతా సచివాలయం బోర్డు మీదా ఫోన్లలోనూ కనిపించాలి, వీధివీధికీ సైరను వినిపించాలి. గట్టు పని ఎంతవరకు వచ్చింది, ఎప్పటికి పూర్తవుతుంది అన్నది పని జరిగేచోటే తెలుగులో రాసిపెట్టాలి.

ఇవి అడగడానికి కలెక్టరేటులో సోమవారం సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. ఒక్కరుగా వెళ్తే మనది ఒక కాగితం. వీధికి పదిమందిమి వెళ్దాం. వచ్చే సోమవారం ఉదయం 9 గంటలకు మీ మీ సచివాలయాల ముందు కలుసుకుని అక్కడి నుంచి కలిసి బయల్దేరదాం. ఆధార్ జిరాక్సు, వరద సాయం కాగితం ఉంటే అది తెచ్చుకోండి, లేకపోయినా రండి. రాయడం రానివాళ్లకు అర్జీలు రాసిపెట్టడానికి మన కాలేజీ పిల్లలు కాగితాలూ పెన్నులూ పట్టుకుని ఉంటారు. ఆ రోజు కూలి పోతుందనుకునేవాళ్లు సంతకం చేసి పక్కింటివాళ్ల చేతికివ్వండి. అర్జీ ఇచ్చాక నంబరు వేసిన రసీదు అడిగి తీసుకోండి, దాన్ని పారేయకండి.

ఇట్లు
బుడమేరు ముంచిన పేటల వాళ్లం