లోగాన్ కారు – 25 సెంటీమీటర్ల గణభంగం

మహీంద్రా రెనో సంస్థ 2007లో మన దేశంలో విడుదల చేసిన లోగాన్ కారు ఎందుకు విఫలమైందని అడిగితే, పెక్కుమంది "చూడ్డానికి బాగుండదండీ" అని తేల్చివేస్తారు. నేనిందుకు సమ్మతింపను. రూపం ఒక కారణమే గాని ప్రధాన కారణం కాదు.

ఫ్రాన్సు దేశపు రెనో సంస్థ, తన అధీనంలోని రుమేనియా కంపెనీ డాచియా ద్వారా 2004లో ఈ కారును వెలువరించింది. 5000 యూరోలకే కుటుంబ వాహనం అందించాలన్నది సంకల్పం. అందుచేత అడుగడుగునా పొదుపే. కుడి ఎడమల అద్దాలు రెండూ ఒకే మూసలోవి. ముందరి గాజుకు వంపు తక్కువ. ఆడంబరం లేదు గాని, అయిదుగురు ఇరుకు లేకుండా కూర్చోవచ్చును, వెనుక 510 లీటర్ల డిక్కీ ఉన్నది. మహీంద్రాతో కలిసి నాసిక్‌లో దీనిని తయారుచేశారు.

చిక్కంతా సుంకంతో వచ్చింది. 2006 బడ్జెటులో కేంద్రం చిన్న కార్లపై ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుండి 16 శాతానికి తగ్గించింది. చిన్న కారనగా పొడవు 4 మీటర్లు మించరాదు. ఇంజను పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిలుదైతే 1500 సీసీ దాటరాదు. లోగాన్ డీజిలు ఇంజను 1461 సీసీ, అక్కడ నెగ్గినట్లే. పొడవేమో సుమారు 4.25 మీటర్లు! పద్యంలో ఒక్క మాత్ర హెచ్చినా గణభంగమని తరగతిలో చెప్పినవాడను. ఛందస్సుకు ఆ కాఠిన్యం ఉండవలసినదే. పన్నుకు కూడానా? టాటావారు 2008లో ఇండిగోను 4 మీటర్ల లోపునకు కుదించి లాభపడ్డారు. లోగాన్ అట్లే ఉండి ధరలో ఓడింది.

టాక్సీలవారు మాత్రం దానిని ఆదరించారు. అంతటితో గృహస్థులకు అది "టాక్సీ బండి" అయిపోయింది. ఇదొక వింత న్యాయం. రోజంతా బండి నడిపి పొట్టపోసుకొనేవాడి కంటె కారు గుణమెరిగినవాడెవడు? మన మార్కాపురం పలక కూడా మోటుదే. తరతరాల పిల్లలు దిద్దినది దానిమీదే.

గిద్దలూరు నుండి ఒక రోగిని ఒంగోలుకో, నల్లమల కనుమ దాటి నంద్యాలకో తీసుకొనిపోవాలంటే వెంట ఇద్దరు మనుషులు, పరుపు, దుప్పట్లు, అన్నం క్యారియరు తప్పవు. ఆ పాతిక సెంటీమీటర్లు మాకు విలాసం కాదు.

2010లో రెనో తన వాటాను మహీంద్రాకు అమ్మి తప్పుకొన్నది. 2011లో కారు పేరు వెరిటోగా మారింది. 2013లో దాని తోక కత్తిరించి, 4 మీటర్లలో ఇమిడ్చి, వెరిటో వైబ్ అని అమ్మారు. కత్తిరించినది డిక్కీనే సుమండీ!

2025 సెప్టెంబరులో జీఎస్టీని సవరించినప్పుడు కూడ అదే గీత నిలిచింది: లోపలివాటికి 18 శాతం, దాటినవాటికి 40 శాతం. పొడవుకు బదులు బరువునో, ఇంధనపు ఖర్చునో కొలిచి పన్ను వేయరాదా?