‘వయసు నొప్పులేనమ్మా’ అంటే సరిపోతుందా?

ఈ మధ్య మన వంటింటి అలమరలో పోపుల డబ్బా పక్కన ఇంకో డబ్బా వచ్చి చేరింది, గమనించారా? అందులో బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ, వాటికి తోడు రాత్రి పడుకోబోయే ముందు వేసుకునే కొలెస్ట్రాల్ బిళ్ళ! ఇంటాయనకీ, అత్తగారికీ వేళ తప్పకుండా మాత్రలు అందించేది మనమే. అదే మాత్ర మన ఒంటికి పడకపోతే మాత్రం చెప్పుకోవడానికి నోరు రాదు. తెగించి చెప్పినా, ‘వయసు నొప్పులేనమ్మా’ అన్న ఒక్క మాటతో డాక్టరుగారు కొట్టిపారేస్తే ఏం చెయ్యాలి? ఈ వారం మన మాటామంతీ దాని గురించే.

మా పెద్దవదిన వాళ్ళది నల్లగొండ జిల్లా కట్టంగూరు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే రోడ్డు మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ ఇంకా రాకముందే తగులుతుంది. వదినకు యాభై ఏడేళ్ళు. పత్తి చేను పనీ, రెండు బర్రెల పనీ ఇప్పటికీ తనే చూసుకుంటుంది. షుగరు ఉంది. వాళ్ళ నాన్న గుండెపోటుతోనే పోయాడు. పరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువ ఉందని అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాముల మాత్ర రాసిచ్చారు.

నెలన్నర గడిచేసరికి, ‘తొడలు పట్టేసినట్టు ఉంటున్నయి. పీట మీద కూసుంటే లేవస్తలేదు. మెట్లెక్కాల్నంటే పానం మీదికొస్తున్నది’ అనడం మొదలుపెట్టింది. పట్నంలో డాక్టరుకు అదే మాట చెప్పింది. ఆయన తల కూడా ఎత్తకుండా, ‘వయసు నొప్పులేనమ్మా. నల్లగొండ నీళ్ళు తాగినోళ్ళకు నొప్పులు గాక ఏమొస్తయి? గోలీలు మాత్రం ఆపొద్దు’ అన్నాడట. రెండోసారీ అదే జవాబు, దాంతోపాటు ఒక నొప్పి గోలీ. మూడోసారి ఆమె అసలు అడగనే లేదు.

దసరాకు ఇల్లు దులుపుతుంటే చింతపండు జాడీ వెనక మాత్రల పట్టీలు దొరికాయి. ఇరవై రెండు గోలీలు అట్లాగే ఉన్నాయి. ‘వేసుకుంటున్నా’ అని ఇంట్లో అందరికీ చెబుతూనే మానేసిందన్నమాట! నాకు భయమేసింది. షుగరున్న మనిషి, తండ్రికి గుండెజబ్బున్న మనిషి ఎవరికీ చెప్పకుండా ఆ మాత్ర మానెయ్యడం చిన్న విషయం కాదు. ‘మరేం జెయ్యాలె బిడ్డా? చెప్తె వినకపాయె. వేసుకుంటె నడవనియ్యకపాయె’ అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

నీళ్ళ మీద నెపం

ఆ డాక్టరు మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. నల్లగొండ నేలలో ఫ్లోరైడ్ బాధ ఈనాటిది కాదు. ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ అనే వైద్యుడి వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. బోరునీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకు వెన్ను బిగుసుకుపోవడం, కీళ్ళు వంగకపోవడం మనం కళ్ళారా చూసిందే.

అయితే ఆ నొప్పికీ, మాత్ర వల్ల వచ్చే నొప్పికీ తేడా ఉంది. ఫ్లోరైడ్ బాధ ఎముకలదీ, కీళ్ళదీ. అది ఏళ్ళ మీద మెల్లగా ముదురుతుంది. కొలెస్ట్రాల్ మాత్ర బాధ కండది. తొడలు, పిరుదులు, పిక్కలు, భుజాలు, అదీ సాధారణంగా రెండు పక్కలా ఒకేలా పట్టేస్తాయి. మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాలకో, మోతాదు పెంచాకో వస్తుంది. మాత్ర ఆపితే చాలామందికి కొద్ది వారాల్లో తగ్గుముఖం పడుతుంది. కాబట్టి ‘ఎక్కడ నొప్పి?’ అన్న ప్రశ్నతో పాటు ‘ఎప్పటి నుంచి?’ అన్నది కూడా అడగాలి. వదినను ఎవరూ అడగనిది అదే.

ఈ మాత్ర ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ రకం మందులన్నిటినీ కలిపి స్టాటిన్లు అంటారు. వీటికి మూలం ఒక బూజు అంటే నమ్ముతారా? జపాను శాస్త్రవేత్త అకీరా ఎండో వేలకొద్దీ బూజుల్ని పరీక్షించి, 1970ల్లో మొదటి స్టాటిన్‌ను కనిపెట్టాడు. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్ బజారులోకి వచ్చింది. మన ఒంట్లో కొలెస్ట్రాల్ చాలావరకు తిండి వల్ల వచ్చేది కాదు, ఒళ్ళు స్వయంగా తయారుచేసుకునేదే. అందులో లివరుది పెద్ద పాత్ర. స్టాటిన్ ఆ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు లివరు రక్తంలో ఉన్న చెడ్డ కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. గుండెపోటు, పక్షవాతం ముప్పు తగ్గేది అందుకే. ‘నెయ్యి మానేశాను కదా, ఇంకా మాత్రెందుకు?’ అని అడిగేవాళ్ళకు జవాబు కూడా ఇదే.

మంచి మందే. అలాగని కండకు ఏ హానీ చెయ్యదని కాదు. సెరివాస్టాటిన్ అనే మందు కండను మరీ దెబ్బతీస్తోందని 2001లో బజారు నుంచి వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు వాడేవి అంత ప్రమాదకరమైనవి కావు.

ఎవరి మాట నిజం?

ఇక్కడ రెండు వైపులా వినాలి. అమెరికాలో గోలంబ్ అనే వైద్యురాలి బృందం, స్టాటిన్ వల్ల బాధలు వచ్చాయని చెప్పుకున్న 650 మందిని వాకబు చేసి 2007లో ఫలితం ప్రకటించింది. చాలావరకు ఆ మాట మొదట ఎత్తింది రోగులే. ‘మందు వల్లే కావచ్చు’ అన్న డాక్టర్ల కన్నా ‘మందు వల్ల కాదు’ అన్నవాళ్ళే ఎక్కువట. అంటే ఈ కష్టం ఒక్క కట్టంగూరుదే కాదన్నమాట!

ఇక రెండో వైపు. 2022లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద లెక్క వచ్చింది. సుమారు లక్షా ఇరవై నాలుగు వేల మందిలో కొందరికి స్టాటిన్, కొందరికి మందే లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన పరీక్షలవి. స్టాటిన్ వాడినవాళ్ళలో నూటికి 27 మందికి కండరాల బాధ వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలోనూ ఇంచుమించు అంతమందికే వచ్చింది! మందు వల్ల అదనంగా వచ్చిన బాధ, మొదటి ఏడాదిలో వెయ్యి మందికి 11 మందికి మాత్రమే. 2020లో ఇంగ్లండులో ఇంకో పరీక్ష చేశారు. స్టాటిన్ పడక మానేసిన 60 మందికి ఒక నెల మందు, ఒక నెల ఉత్తుత్తి మాత్ర, ఒక నెల ఏదీ లేకుండా, ఇలా మార్చి మార్చి ఏడాదిపాటు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర నెలలో కూడా మందు నెలలో పడ్డ బాధలో 90 శాతం పడ్డారు. అది చూశాక అందులో సగంమంది మళ్ళీ మందు మొదలుపెట్టారు.

అయితే నొప్పి అంతా మన ఊహేనా? ఎంతమాత్రం కాదు. నొప్పి అందరికీ నిజమే, కారణాలే వేరు. వెయ్యిలో 11 మందిలో మీరున్నారో లేదో పెద్ద లెక్కలు చెప్పలేవు. చూడకుండానే ‘కాదు’ అనే డాక్టరూ చెప్పలేడు. పరీక్షించుకోకుండా మాత్రను జాడీ వెనక దాచే మనమూ చెప్పలేం. డాక్టరు కనుసన్నల్లో ఆపి చూసి, మళ్ళీ వేసి చూస్తేనే తెలుస్తుంది.

నోటుపుస్తకం చేసిన మేలు

వదిన చేత పాల లెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీ మొదలుపెట్టించాను. మాత్ర ఏ తారీఖున మొదలైంది, ఎన్ని మిల్లీగ్రాములు, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఏ పని చెయ్యలేకపోతోంది, ఎప్పటి నుంచి మానేసింది, అన్నీ మనవరాలు రాసిపెట్టింది. వాడే ఇతర మాత్రల పట్టీలన్నీ సంచీలో వేసుకుని వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

ఆయన ఆ పేజీ చదివాడు. కండ దెబ్బతిన్నదేమో చూసే సీపీకే పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, విటమిన్ డి, కిడ్నీ పరీక్ష రాశాడు. సీపీకే కొంచెం ఎక్కువుంది, మిగతావి బాగానే ఉన్నాయి. నాలుగు వారాలు అధికారికంగా మాత్ర ఆపించాడు. మూడో వారంలో వదిన పీట మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేచింది. తర్వాత రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు రోజు విడిచి రోజు, తోడుగా ఎజెటిమైబ్ అనే వేరే రకం మాత్ర రోజూ ఇచ్చాడు. ఆసియా వాళ్ళ రక్తంలో రోసువాస్టాటిన్ మోతాదు ఎక్కువగా నిలుస్తుందని తెలిసినందువల్ల తక్కువతో మొదలుపెట్టడం మంచిదన్నాడు. రెండు నెలల తర్వాత చెడ్డ కొలెస్ట్రాల్ ఆయన కోరినంతకు దిగింది. నొప్పి తిరిగి రాలేదు.

ఇది విని వాళ్ళ పక్కింటామె కూడా పుస్తకం పట్టుకుని వెళ్ళింది. ఆమెకు మాత్ర ఆపినా నొప్పి ఇసుమంతైనా తగ్గలేదు. చివరికి తేలింది థైరాయిడ్ లోపం! అది కండలు పీకేలా చేస్తుంది, కొలెస్ట్రాల్‌నూ పెంచుతుంది. థైరాయిడ్ మాత్రతో ఆమె తేరుకుంది. చూశారా, ఒకే నొప్పికి రెండిళ్ళలో రెండు కారణాలు!

మీరూ ఇలా చెయ్యండి

1. గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంటు వేయించుకున్నవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా ఒక్క రోజు కూడా మాత్ర ఆపకూడదు.

2. నడవలేనంత నీరసం, భరించలేని కండనొప్పి, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం కనిపిస్తే మాత్రం ఆ పూట మాత్ర వేసుకోకుండా వెంటనే దవాఖానకు వెళ్ళండి. ఇది చాలా అరుదు, కానీ కిడ్నీలకు ప్రమాదం.

3. డాక్టరును ‘ఈ మాత్ర పడట్లేదు’ అని ఊరుకోకుండా ఇలా అడగండి: ‘ఫలానా తారీఖున మొదలుపెట్టాను, ఇన్ని వారాలకు తొడలు పట్టేశాయి. సీపీకే, థైరాయిడ్ చూస్తారా? కొన్నాళ్ళు ఆపి చూడవచ్చా? మోతాదు తగ్గించవచ్చా? వేరే మాత్ర ఉందా?’

4. మధ్యలో జ్వరానికో దగ్గుకో వేరే డాక్టరు మందు రాస్తే, కొలెస్ట్రాల్ మాత్ర సంగతి ముందే చెప్పండి. క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్కులు, ఇట్రాకొనజోల్ వంటి తామర మందులు కొన్ని స్టాటిన్లను రక్తంలో అమాంతం పెంచుతాయి. చర్మానికి రాసిచ్చే మాత్రే కదా అని తేలిగ్గా తీసుకోకండి.

5. స్టాటిన్లు షుగరును కొద్దిగా పెంచవచ్చు. షుగరున్నవాళ్ళు పరీక్ష మానకండి. గర్భం కోరుకునేవాళ్ళు ముందే డాక్టరుతో మాట్లాడండి.

6. ఏ స్టాటినూ పడనివాళ్ళకు దారి మూసుకుపోలేదు. ఎజెటిమైబ్‌తో పాటు బెంపెడోయిక్ యాసిడ్ అనే మందు కూడా ఉంది. స్టాటిన్ పడని దాదాపు 14 వేల మంది మీద దాన్ని పరీక్షించి 2023లో ఫలితం ప్రకటించారు. గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పు 13 శాతం తగ్గింది. ఆ పరీక్షలో ఇంచుమించు సగంమంది ఆడవాళ్ళే కావడం విశేషం.

7. మందుల దుష్ఫలితాలు నమోదు చేసుకోవడానికి మన దేశంలో 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. డాక్టర్లే కాదు, మనమూ చెప్పవచ్చు. ఉచిత ఫోను నంబరు 1800-180-3024. మీ మాట ఒక లెక్కలో చేరడమే ఒక మేలు.

వంటింట్లో ఏం చెయ్యవచ్చు?

వంట మాత్రకు సాయం చేస్తుంది, దాని బదులు పనిచెయ్యదు. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, వారంలో రెండు మూడుసార్లు ఉలవచారో పెసరకూరో, ఉదయం నానబెట్టిన మెంతులు ఒక చెంచా, రోజూ గుప్పెడు పల్లీలు, ఇవన్నీ మంచివే. మెంతులు షుగరును తగ్గిస్తాయి గనుక షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఒక కన్నేసి ఉంచండి. గారెలు, బజ్జీలు వేయించిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచవద్దు. నూనె ప్యాకెట్టు మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని చూసి మురిసిపోకండి. విత్తుల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గంత కొలెస్ట్రాల్ ఉండదు! అది వాడకం తగ్గించుకోమన్నట్టు, పెంచుకోమన్నట్టు కాదు.

గుమ్మం బయట అంతమంది కాచుకుని ఉంటే డాక్టరుకు మన కథంతా వినే తీరిక ఉండకపోవచ్చు. అందుకే కథగా కాకుండా తారీఖులతో చెబుదాం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఒకసారి అడిగి ఊరుకోవద్దు, రెండోసారి కాగితం చేతిలో పెట్టి అడుగుదాం. అప్పటికీ వినకపోతే వేరే డాక్టరును చూసుకుందాం. మాత్రను మాత్రం జాడీ వెనక దాచవద్దు.