పెరటి ముచ్చట్లు: మందు పడవలసిన చోటు

మారతహళ్ళిలో మా యింటి వెనుక చారెడు నేల వున్నది. ఒక కరివేపచెట్టు, రెండు మల్లెపొదలు, తక్కినదంతా తుంగ. వాన పడిందంటే చాలు, ఆ తుంగకూ మాకూ జగడమే. మన సంఘంలో యింకా పెరడు మిగిలిన కుటుంబాలవారి కోసం యీ నాలుగు మాటలు.

మొదట పార పట్టాము. అదే పొరపాటు. తుంగకు నేలలోపల గొలుసుకట్టుగా గడ్డలుంటాయి. మన అమ్మమ్మలు సున్నిపిండిలో కలిపిన తుంగముస్తలు అవే. గొలుసు తెగనంతకాలం వాటిలో చాలా గడ్డలు నిద్రపోతూ వుంటాయి. పారతో తెగగొట్టామా, ఒక్కొక్క గడ్డకూ ఒక్కొక్క మొక్క! 1977లో లెరాయ్ హోల్మ్, ఆయన సహచరులు ప్రపంచంలోని అతి చెడ్డ కలుపులను లెక్కకట్టి, మొదటి పీట దీనికే వేశారు.

2021లో అంగడినుండి గ్లైఫోసేట్ తెచ్చాము. తుంగను కొడవలితో నున్నగా కోసి, ఉత్త నేలమీద మందు పోశాము. తుంగ యథాప్రకారం లేచింది. ఈసారి కోపంకొద్దీ, అటూ యిటూ చూడక, ఆకుమీద చల్లాము. తుంగ పండిపోయింది. నెల తిరిగేసరికి కరివేపచెట్టూ వాడిపోయింది. అది మా అమ్మగారు కడపనుంచి తెచ్చి నాటుకొన్న మొక్క. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కొన్నాళ్ళు తాళింపులో కరివేపాకు వేయలేదు, అంతే.

తెలిసినవారిని అడిగితే సంగతి బోధపడింది. ఆ మందు మట్టిని తాకితే మట్టికే అంటుకొని పనికిరాకుండా పోతుంది. పచ్చని ఆకుమీద పడితేనే, ఆకు వండిన ఆహారంతోబాటు గడ్డకు దిగుతుంది. కనుక ముందు కోయరాదు, చల్లినాక వారంరోజులు పెరకరాదు. చెట్టు మొదట్లో లేచిన పిలకలమీద పడితే, అదేవిధంగా తల్లిచెట్టు వేళ్ళకూ దిగుతుంది. మా చెట్టు పోయింది అలాగే. సల్ఫెంట్రజోన్ వంటివాటి దారి వేరు. వాటిని ముఖ్యంగా వేళ్ళు పీల్చుకొంటాయి గనుక అవి నేలలో పడి, తడితో వేళ్ళదాకా చేరాలి. చెరకుతోటల్లో తుంగకు వాడే హాలోసల్ఫ్యూరాన్‌ను ఆకూ పీలుస్తుంది, వేరూ పీలుస్తుంది. మందు పేరు తెలిస్తే చాలదు, పడవలసిన చోటు తెలియాలి.

గ్లైఫోసేట్‌ను పెస్టు కంట్రోలు వారే చల్లాలని 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ఉత్తర్వు వేసింది. వారిని పిలిచినా, ముందు మీ చెట్ల పిలకలను చూపించి మరీ పని మొదలుపెట్టించండి. చారెడు నేలకు అసలు మందెందుకు? రెండుమూడు వారాలకొకసారి మొలకలను లాగుతూ వుంటే గడ్డలో నిలవ తరిగిపోతుంది. పైగా తుంగకు నీడ గిట్టదు. దట్టంగా అల్లుకొనే మొక్కలు వేస్తే నీరసిస్తుంది. కావలసిందల్లా ఓపిక.

పోయిన కార్తీకంలో కొత్త కరివేపమొక్క నాటాము. దాని చుట్టూ తుంగను అమ్మగారే పీట వేసుకొని కూర్చుని చేత్తో లాగుతున్నారు. మందు మాట యెత్తితే తలయెత్తి మావైపు ఒక్క చూపు చూస్తారు. మేము మళ్ళీ యెత్తము.