నునుపైన పాటకి ఆత్మ ఉండదా?

సోల్ సంగీతం మాట ఎత్తగానే నా మిత్రులు కొందరు ఒక తయారు తీర్పు వినిపిస్తారు. డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీది కర్మాగారపు సరుకట, తెల్లవాళ్ళ చెవికి నప్పేలా పంచదార పూసి అమ్మిన పాటట. మెంఫిస్‌లోని స్టాక్స్ కంపెనీది మాత్రం చెమటా కన్నీరూ కలిసిన అసలు సిసలు నల్లవాళ్ళ పాటట. చాలా ఏళ్ళు నేనూ ఈ మాటే వల్లించాను. ఇది తప్పుడు తీర్పనీ, పైగా అవమానకరమైన తీర్పనీ ఇప్పుడు నా అభియోగం.

ముందు కొన్ని నిజాలు. 1959లో కుటుంబ నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని మోటౌన్‌కి పునాది వేసిన బెర్రీ గోర్డీ నల్లజాతివాడు. స్టాక్స్‌ని నడిపిన ఎస్టెల్ యాక్స్‌టన్, జిమ్ స్టువర్ట్ తెల్లజాతి అక్కాతమ్ముళ్ళు. స్టాక్స్ పాటలకి వెన్నెముకైన బుకర్ టి బృందంలో గిటారు వాయించిన స్టీవ్ క్రాపర్, తర్వాత బేస్ గిటారు పట్టిన డొనాల్డ్ డన్ ఇద్దరూ తెల్లవాళ్ళే. వర్ణవివక్ష రాజ్యమేలిన మెంఫిస్‌లో అలా కలిసి వాయించడం సాహసమే, కాదనను. మోటౌన్ వాద్యకారుల్లో అత్యధికులు డెట్రాయిట్ జాజ్ క్లబ్బుల్లో ఆరితేరిన నల్లవాళ్ళు. మరి 'అసలు సిసలు' అన్నది ఏ కొలబద్దతో తేల్చారు?

ఒకే కొలబద్ద కనిపిస్తోంది: ముతకగా ఉంటే నిజం, నునుపుగా ఉంటే నటన.

స్టాక్స్ స్టూడియో ఒక మూతపడ్డ సినిమా హాలు. కుర్చీలు తీసేసినా నేల వాలు అలాగే ఉండిపోయింది. ఆ గది మోత పాటల్లోకి దిగింది. కోరస్ గొంతులు పాడవలసిన చోట ట్రంపెట్టూ శాక్సఫోనూ బదులు పలుకుతాయి. ఆల్ జాక్సన్ డ్రమ్ము మీద దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. ఆ ఆలస్యంలోనే ఉంది మత్తంతా. మోటౌన్‌లో ఆ జాగా ఉండదు. చాలా పాటల్లో నాలుగు దెబ్బలూ సమంగా పడతాయి, పైన టాంబరిన్ గలగల, వెనక వయొలిన్లు. కానీ ఆ తళుకు కింద జేమ్స్ జేమర్సన్ బేస్ గిటారు ఒక్కదాన్నీ పట్టుకుని వినండి. ఒకే ఒక్క చూపుడువేలితో అతను అడుగున మరో పాట పాడుతుంటాడు. దాన్ని కర్మాగారపు సరుకనేవారి చెవుల మీద నాకు జాలి.

కర్మాగారం అన్న మాట నిజమే. గోర్డీ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడే; పాటలని వారం వారం కూర్చుని వడపోసేవారు; నడవడం, కూర్చోవడం నేర్పడానికి మాక్సిన్ పవెల్ అనే గురువుని పెట్టారు. దీన్ని చూసి నవ్వుతారు మా రసికులు. డెట్రాయిట్ ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగిన సుప్రీమ్స్ అమ్మాయిలు 1964 డిసెంబరులో ఎడ్ సల్లివన్ కార్యక్రమంలో దేశం ముందు హుందాగా నిలబడ్డారు. ఆ హుందాతనం నల్లవాళ్ళది కాదనడానికి మనమెవరం? పేదవాడి నిజాయితీకి చిరుగుల చొక్కానే సాక్ష్యంగా అడగడం కడుపు నిండినవాడి రసికత.

మోటౌన్ పాపం ఒకటుంది, దాన్ని నేను క్షమించను. ఏళ్ళ తరబడి తన వాద్యకారుల పేర్లు అట్టల మీద వేయలేదు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' దాకా జేమర్సన్ అనామకుడే. బుకర్ టి బృందానికి 1962 నుంచే సొంత పేరు, సొంత రికార్డు. అయితే ఆ ఆత్మీయ స్టాక్స్ చేసిందేమిటి? 1965లో అట్లాంటిక్ కంపెనీతో ఒప్పందం మీద సరిగా చదవకుండా సంతకం పెట్టి, అప్పటిదాకా అట్లాంటిక్ పంపిణీ చేసిన తన రికార్డింగుల హక్కులన్నీ, ఓటిస్ రెడింగ్ పాటలతో సహా, పోగొట్టుకుంది. 1975 చివరికి దివాలా. గోర్డీ వ్యాపారబుద్ధిని ఈసడించేవారు ఈ లెక్క కూడా చూడాలి.

చివరిగా ఒక పాట. 'మై గర్ల్' మోటౌన్‌లో స్మోకీ రాబిన్సన్, రోనాల్డ్ వైట్ రాసినది. 1964 చివర్లో టెంప్టేషన్స్ పాడారు. మరుసటి ఏడే అదే పాటని ఓటిస్ రెడింగ్ తన 'ఓటిస్ బ్లూ'లో పాడాడు. వయొలిన్ల చోట హార్న్‌లు, నునుపైన గొంతు చోట జీర. రెండూ వెంటవెంటనే వినండి. మెంఫిస్ ఆత్మకి నిలువెత్తు రూపమని మీరు పూజించే ఆ గాయకుడు ఆ 'కర్మాగారపు సరుకు'ని ఎందుకు ఎత్తుకున్నాడో నా మిత్రులు నాకు వివరించాలి.